దీపం పెట్టే చెయ్యి, చితి ముట్టించే చెయ్యి

కిందటేడు మా సంఘం నెలవారీ సమావేశంలో మతోన్మాదం మీద మాట్లాడమని నన్నడిగారు. నాకు తెలిసిందేదో మాట్లాడాను. అంతా అయ్యాక, టీ గ్లాసులు తిరిగే వేళకి, మా సంఘం అధ్యక్షురాలు నా పక్కనొచ్చి కూర్చుంది. నేను వదినా అని పిలిచే మనిషి. నెమ్మదిగానే అడిగింది: "నువ్వు చెప్పినవాళ్ళంతా కత్తులు పట్టుకున్నవాళ్ళు. మధ్యలో మమ్మల్నెందుకు కలిపావు? శుక్రవారం పూట ఇంత దీపం పెట్టుకుని, శ్రావణంలో నలుగురికీ నాలుగు శనగలు పంచుకుంటే ఎవరి కొంప మునిగింది?"

అప్పటికి జవాబు చెప్పలేకపోయాను. ఈ వదిన ఎవరో చెబితే ఎందుకో అర్థమవుతుంది. సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో, 1993లో, మా ఊరి సారా దుకాణం ముందు బైఠాయించినప్పుడు నాకంటే ముందు వరసలో కూర్చున్న మనిషి. నేను పుస్తకాలు చదివి సంఘంలోకి వచ్చాను. ఆమె మొగుడి దెబ్బలు తిని వచ్చింది. ఆ రోజు దుకాణానికి వెళ్ళే ముందు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి మరీ వచ్చింది. ఆ కాయ ముక్క నేనూ తిన్నాను. ఇలాంటి మనిషితో "నీ దీపమే వాళ్ళ చేతిలో కాగడా అయింది" అని అనడానికి నాకు నోరు రాలేదు. కానీ ఆమె ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆమెకి నేను బాకీపడిన జవాబు అనుకోండి.

నేను నాస్తికురాలిని. దేవుడు లేడని నమ్ముతాను. ఆ నమ్మకం ఉన్నవాళ్ళలో ఒక మాట బాగా చెలామణిలో ఉంది. మెత్తని భక్తులే ఉన్మాదులకు నీడ ఇస్తారని. అమెరికా రచయిత సామ్ హారిస్ 2004లో వచ్చిన తన 'ది ఎండ్ ఆఫ్ ఫెయిత్' పుస్తకంలో ఈ వాదాన్ని గట్టిగా పెట్టాడు. విశ్వాసాన్ని గౌరవించి తీరాలి, దాన్ని నిలదీయకూడదు అనే కట్టుబాటును మామూలు భక్తులు కాపాడుతూ వస్తారు, ఆ కట్టుబాటు చాటునే ఉన్మాది దాక్కుంటాడు అన్నది దాని సారాంశం. అందులో సగం నాకు నచ్చింది. మిగతా సగంతో నాకు పేచీ ఉంది. ఇస్లాం మీద ఆయనకున్న ప్రత్యేకమైన కోపాన్ని నేను పంచుకోను. అదీగాక ఆయన మాట్లాడేదంతా మత గ్రంథాల గురించి. మన ఆడవాళ్ళలో గ్రంథం చదివి భక్తురాలైనది ఎవరు? మన మతం గ్రంథాల్లో లేదు. పసుపు గిన్నెలో ఉంది, కుంకుమ భరిణెలో ఉంది, ఎవర్ని పిలవాలి ఎవర్ని పిలవకూడదు అనే లెక్కలో ఉంది. అక్కడి నుంచి మొదలుపెడితేనే మా వదిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ముందుగా మాత్రం దేవరాలా సంగతి గుర్తు చేసుకోవాలి. 1987 సెప్టెంబరు 4న, రాజస్థాన్ సికార్ జిల్లాలోని ఆ ఊళ్ళో, రూప్‌కన్వర్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి భర్త శవంతో పాటు చితిలో కాలిపోయింది. పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. అదేమీ నాగరికత ఎరగని పల్లె కాదు. బడులున్నాయి, కరెంటుంది. ఆమె తనంతట తానే చితి ఎక్కిందా, బలవంతాన ఎక్కించారా అని ఏళ్ళ తరబడి వాదించారు. పద్దెనిమిదేళ్ళ విధవకు అక్కడ మిగిలిన దారులేమిటో తెలిసినవాళ్ళెవరూ 'ఇష్టపూర్వకం' అనే మాటను అంత తేలిగ్గా వాడరని నా అభిప్రాయం.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ రోజు కంటే పన్నెండు రోజుల తర్వాతి రోజు. రాజస్థాన్ హైకోర్టు వద్దన్నా సెప్టెంబరు 16న అక్కడ చున్రీ మహోత్సవం జరిగింది. రెండు లక్షల పైచిలుకు జనం వచ్చారని పత్రికలు రాశాయి. భర్త తలను ఒళ్ళో పెట్టుకుని మంటల నడుమ ప్రశాంతంగా కూర్చున్న ఆమె బొమ్మలు అక్కడ అమ్ముడుపోయాయి. కొబ్బరికాయలు కొట్టారు, మొక్కులు మొక్కుకున్నారు. ఈ రెండు లక్షల మందిలో సెప్టెంబరు 4న చితి దగ్గర ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? మిగిలినవాళ్ళెవరూ అగ్గిపుల్ల గీయలేదు. ఇళ్ళకు తిరిగి వెళ్ళి తమ కోడళ్ళను తగలబెట్టలేదు. పొద్దున లేచి పాలు పితుక్కుని, పిల్లల్ని బడికి పంపుకునే మనుషులు. ఒకరకంగా మా వదినలాంటివాళ్ళే. ఒక మహాతల్లి వెలిసిందన్నారు, దణ్ణం పెట్టుకుందామని వచ్చారు. అంతే.

కానీ వాళ్ళు రావడం వల్లే అది హత్య కాకుండా పోయి మహిమ అయింది. ఊరు చూస్తుండగా జరిగిన చావుకు కోర్టుకు చాలినంత సాక్ష్యం దొరకలేదు. 1996 అక్టోబరులో ఆమె మృతి కేసులో ముద్దాయిలంతా విడుదలయ్యారు. సతిని కీర్తించిన నేరం మీద పెట్టిన కేసుల్లో 2004 జనవరిలో పదకొండు మంది, 2024 అక్టోబరులో ఇంకో ఎనిమిది మంది నిర్దోషులుగా బయటపడ్డారు. ముప్ఫయ్యేడేళ్ళు. రూప్‌కన్వర్ బతికుంటే ఆపాటికి యాభయ్యయిదేళ్ళ మనిషి.

ఆ ఘటన తర్వాత 1987లోనే పార్లమెంటు సతి నిరోధక చట్టం చేసింది. అందులో ఒక సంగతి మనం తగినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. చితి పేర్చినవాడికే కాదు, సతిని కీర్తించినవాడికి కూడా ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష పెట్టారు. ఊరేగింపు తీసినా, చందాలు పోగేసినా, గుడి కట్టినా నేరమే. అంటే చప్పట్లు కొట్టడం కూడా నిప్పుపెట్టడంలో భాగమేనని రాజ్యమే ఒప్పుకున్నదన్నమాట. నాస్తికులు చెప్పే మాట ఇంతకంటే ఎక్కువేం కాదు. (అదే చట్టం సతికి ప్రయత్నించిన స్త్రీని కూడా ముద్దాయిని చేసింది. మన సంఘాలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. అది ఇంకో వ్యాసానికి సరిపడా గొడవ.)

ఇంకో మాట కూడా మరచిపోకూడదు. జైపూర్ వీధుల్లో మహిళా సంఘాలు సతికి వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే, సతిని సమర్థిస్తూ వచ్చినవాళ్ళలోనూ స్త్రీలున్నారు. మా నమ్మకం మా హక్కు, మధ్యలో మీరెవరు అన్నారు. మన నినాదాన్నే మన మీదికి విసిరారు. రాధా కుమార్ భారత స్త్రీల ఉద్యమ చరిత్ర రాసిన పుస్తకంలో ఈ ఘట్టం చదివినప్పుడు నాకు మా సమావేశంలోని టీ గ్లాసులే గుర్తొచ్చాయి. మా వదిన అడిగింది కూడా నమ్మకం హక్కు గురించే కదా!

"మధ్యేమార్గం ఉండాలి గదా" అంటారు కొందరు. చెడ్డ ఆచారాన్ని కొంచెం మంచిగా మారిస్తే చాలు, మతం జోలికి పోనక్కర్లేదని. సతి విషయంలో ఆ మధ్యేమార్గాన్ని కూడా నడిచి చూశారు. 1813లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం, హిందూ శాస్త్రాలకు భంగం రాకుండా అని, ఒక ఏర్పాటు చేసింది. స్త్రీ ఇష్టపడితే సహగమనం చేయవచ్చు. చిన్నపిల్ల అయితే, గర్భవతి అయితే, మత్తుమందిచ్చి తెస్తే మాత్రం కుదరదు. పోలీసులు దగ్గరుండి చూడాలి. ఏమైంది? బెంగాల్ ప్రెసిడెన్సీలో 1815లో లెక్కకొచ్చిన సతులు 378. 1818లో 839. ఆ సంవత్సరాల్లో కలరా ఉంది, లెక్క రాయడం కూడా మెరుగుపడింది, నిజమే. కాని ప్రభుత్వ ముద్ర పడిన చితికి గౌరవం పెరగకుండా ఉంటుందా? పోలీసు పక్కన నిలబడి "నీ ఇష్టమేనా అమ్మా" అని అడగడం కంటే పెద్ద ఆమోదం ఏముంటుంది?

1829 డిసెంబరులో బెంటింక్ దాన్ని పూర్తిగా నిషేధించాడు. రామమోహన్ రాయ్ దానికోసం ఎంత పోరాడారో మనకు తెలుసు. ఆయన వాదించిన తీరు మాత్రం ఒకసారి చూడండి. స్త్రీని తగలబెట్టడం అన్యాయం కాబట్టి వద్దని మాత్రమే అని ఊరుకుంటే చెల్లదు కనుక, శాస్త్రం విధవకు బ్రహ్మచర్యమే మేలని చెప్పిందని చూపించారు. వాదం గెలిచింది. ఆడమనిషి బతికింది. కాని తీర్పు చెప్పే కుర్చీలో శాస్త్రం అలాగే కూర్చుని ఉంది. లతా మణి ఈ వాదోపవాదాల మీద 1998లో ఒక పుస్తకం తెచ్చారు. ఆ చర్చ అంతా అసలైన సంప్రదాయం ఏమిటన్నదాని మీదే నడిచిందనీ, కాలిపోతున్న స్త్రీ అందులో కేవలం చర్చకు వేదికగా మిగిలిందనీ ఆమె చూపించారు. చితి నుంచి దింపిన స్త్రీకి ఆ శాస్త్రమే బోడిగుండునీ, తెల్లచీరనీ, ఒంటిపూట తిండినీ ఇచ్చింది. మన వీరేశలింగంగారు 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేనాటికి తలపడింది వీటితోనే.

ఇప్పుడు మన ఊళ్ళోకి వద్దాం. రాజస్థాన్ గురించి మాట్లాడితే తెలుగువాళ్ళకు కాస్త హాయిగా ఉంటుంది. అదెక్కడో ఉత్తరాది రాజపుత్రుల గొడవ అనుకుంటాం.

పేరంటాలు అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. పేరంటానికి పిలవదగిన ముత్తయిదువ ఒకటి. భర్తతో పాటు అగ్నిలో పడి దేవతయిన స్త్రీ రెండోది. పాత నిఘంటువులు రెండూ చెబుతాయి. మా అమ్మమ్మగారి ఊళ్ళో చెరువు గట్టు మీద పేరంటాలమ్మ గుడి ఉండేది. గుడి అంటే గుడి కాదు, నడుమెత్తు గోడలూ లోపల ఒక రాయీ. పసుపు పూసీ పూసీ రాయి మీద చెక్కిన బొమ్మ మెత్తబడిపోయింది. సంక్రాంతి సెలవుల్లో పొంగలి తినడానికి అక్కడికి పరుగెత్తేవాళ్ళం. ఒకసారి అడిగాను, ఈమె ఎవరమ్మమ్మా అని. "మొగుడితో పాటు పోయిన మహాతల్లి" అంది. ఎలా పోయిందంటే, "పిచ్చి ప్రశ్నలెయ్యకు, కళ్ళు పోతాయి" అంది. మా అమ్మమ్మ చీమకు కూడా హాని చేసే మనిషి కాదు. కళ్ళు పోతాయన్న ఆ మాట ఎవరికి కాపలా కాసిందో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు వెళ్ళనివాళ్ళు మా వైపు తక్కువ. భర్త గోపయ్య పోయాక ఆమె అగ్నిలో లీనమైందని కథ. ఆ గుడిని పడగొట్టమని నేననడం లేదు. పాత గుళ్ళ మీద కూడా చర్య తీసుకునే అధికారాన్ని 1987 చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. అది వాడాలని కూడా నేను కోరను. బండలు కూలిస్తే నమ్మకాలు పోవని అయోధ్య చూసినవాళ్ళకు చెప్పాలా? నేను అడుగుతున్నది, ఆ గుడికి వెళ్ళి వచ్చిన అమ్మ తన కూతురికి ఆ కథ ఎలా చెబుతుందన్నది. మహిమ అని చెబుతుందా, ఒక ఆడమనిషి కాలిపోయిందని చెబుతుందా?

మనం రోజూ వాడే మాటలు చూడండి. పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం పెడితే దీర్ఘసుమంగళీభవ అంటారు. సుమంగళిగా ఉండాలంటే ఆమె అతని కంటే ముందు పోవాలి. ఎవరైనా ఇల్లాలు పోతే పరామర్శకు వెళ్ళి, "పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు" అంటాం. ఇంతకంటే మెత్తని మాట ఏముంది! కళ్ళనీళ్ళతో, ప్రేమగా అనే మాట. భర్త పోయాక బతికి ఉండటం దురదృష్టం అనే లెక్క దాని లోపలే ఉంది. దేవరాలావాళ్ళు కొత్త లెక్క కనిపెట్టలేదు. మనం సగంలో ఆపిన లెక్కను చివరిదాకా చేశారు.

మా నాన్న 2001లో పోయారు. మా అమ్మను ఎవరూ ఏమీ అనలేదు. తెల్లచీర కట్టమనలేదు, మూల కూర్చోమనలేదు. చదువుకున్న కుటుంబం మాది. కాని మా తమ్ముడి కూతురి పెళ్ళిలో పెళ్ళికూతుర్ని బయటికి తీసుకొచ్చే వేళకు అమ్మ తనంతట తానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పిల్లను పెంచిందే ఆమె. ఎదురు వస్తే మంచిది కాదని. ఎవరి బలవంతమూ లేదు. 1813 నాటి కంపెనీ దొర అక్కడుంటే, అంతా ఇష్టపూర్వకంగానే జరిగిందని రాసుకుని వెళ్ళేవాడు. నేను అక్కడే ఉన్నాను. సన్నాయి మోగుతోంది. పెళ్ళివేళ గొడవెందుకని ఊరుకున్నాను.

ఊరుకోవడం నాకు అదొక్కసారే కాదు. మా సంఘంలో ఇరవయ్యారేళ్ళ పిల్ల ఒకతె ఉంది. లారీ ప్రమాదంలో భర్త పోయాడు. పదో రోజున తంతు. సంఘం సభ్యులం అందరం వెళ్ళాం, తోడుగా ఉండాలని. తెల్లవారుజామున ఆ పిల్లకు ఒంటి నిండా పసుపు రాసి, చేతుల నిండా గాజులు తొడిగి, తలలో పూలు పెట్టి, ముఖాన కాసంత బొట్టు పెట్టి ముస్తాబు చేశారు. ఆ తర్వాత అవన్నీ ఒకటొకటిగా తీశారు. గాజులు పగలగొట్టింది ఎవరో పరాయి మగాడు కాదు, వరసకు పెద్దమ్మ. ఆమె కూడా ఏడుస్తూనే ఉంది. గాజు పెంకు గుచ్చుకుని పిల్ల మణికట్టు మీద నెత్తురొచ్చింది. మా సంఘం వాళ్ళం పద్దెనిమిది మందిమి ఉన్నాం. భార్యను కొట్టాడని తెలిస్తే రాత్రికి రాత్రి ఆ ఇంటి ముందు కూర్చునేవాళ్ళం. అక్కడ మాత్రం ఎవరి నోరూ పెగల్లేదు. ఆచారం కదా. మా వదిన ఆ పిల్ల భుజం పట్టుకుని ఉంది. నాస్తికురాలిని, నేనూ గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇక్కడొక సంగతి రాయాలి. ఆ పిల్ల కులంలో రెండు తరాల కిందట మారుమనువు ఉండేది. మొగుడు పోతే ఇంకొకర్ని చేసుకునేవాళ్ళు, ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. నాలుగెకరాలు కొనుక్కుని, మేడ కట్టుకుని, గుళ్ళో పెద్దరికం వచ్చాక వాళ్ళింటికీ ఈ పదోరోజు తంతు వచ్చింది. సతి అయినా, విధవకు కట్టుబాట్లయినా పైకులాల గౌరవ చిహ్నాలుగా మొదలై కిందికి పాకాయి. మారుమనువులున్న కులాల ఆడవాళ్ళని మతం తన మెత్తదనంతోనే లోబరుచుకుంది. వాళ్ళ మీదికి ఎవరూ కత్తి తీసుకెళ్ళలేదు. గౌరవం అని పిలిచింది, వాళ్ళు వెళ్ళారు.

మెత్తని భక్తి చేసే పని నాకు ఒక చిన్నమాటలో వినబడుతుంది. ఆ మాట 'కానీ'. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. ఆమె 'శోధ్' నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ సభ అది. దాడికి ముందు నిలబడింది మజ్లిస్ పార్టీ శాసనసభ్యులే. ఆ వారంలో నేను కనీసం పదిమంది నోట విన్నాను: "కొట్టడం తప్పే, కానీ ఆవిడ మాత్రం మతాన్ని ఎందుకు కెలకాలి?" అలా అన్నవాళ్ళలో ముస్లిములున్నారు, హిందువులున్నారు, మన ప్రగతిశీల మిత్రులూ ఉన్నారు. 2013 ఆగస్టులో పూణెలో నరేంద్ర దభోల్కర్‌ని, 2017 సెప్టెంబరులో బెంగుళూరులో గౌరీ లంకేశ్‌ని కాల్చి చంపినప్పుడు కూడా ఇదే మాట విన్నాను. చంపడం తప్పే, కానీ. 'కానీ'కి ముందున్న సగం చంపినవాడికి వినబడదు. 'కానీ' తర్వాతి సగమే వాడికి చేరుతుంది.

మైనారిటీ మతంలో పుట్టిన మన సహచరుల ఇబ్బంది వేరు, అది నాకు తెలుసు. బయట మసీదు మీదికి గుంపు వస్తుంటే లోపలి మౌల్వీని నిలదీయడం ఎంత కష్టమో 1992 డిసెంబరు తర్వాత వాళ్ళ దగ్గరే విన్నాను. అందుకే నేను ముందు నా ఇంటి పేరంటం గురించి మాట్లాడుతున్నాను.

నా వాదనకు ఎదురు నిలిచే మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళను దాటవేస్తే అది నిజాయితీ కాదు. శ్రీకాకుళంలో పుట్టిన వేపా శ్యామరావు, స్వామి అగ్నివేశ్ అయ్యారు. కాషాయం కట్టిన ఆర్యసమాజి. 1987లో సతికి వ్యతిరేకంగా ఢిల్లీ నుంచి దేవరాలాకు పాదయాత్ర నడిపారు. సతిని సమర్థించిన పూరీ శంకరాచార్యను వాదానికి రమ్మని సవాలు చేశారు. 2018 జూలైలో జార్ఖండ్‌లోని పాకుడ్‌లో గుంపు ఆయన్ను కిందపడేసి కొట్టింది. 2020లో పోయారు. ఆయన వేదాన్ని నమ్మాడు. నేను నమ్మను. కాని ఆ పదోరోజు గోడకు ఆనుకుని నిలబడింది ఆయన కాదు, నేను.

ఇంకో ఉదాహరణ ఈమధ్యది. 2022 మేలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ ఒక తీర్మానం చేసింది. భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, మంగళసూత్రం తెంపడం ఇక తమ ఊళ్ళో జరగకూడదని. కొద్దిరోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఇదే బాట పట్టాలని ఉత్తర్వు పంపింది. అది నాస్తికుల ఊరు కాదు. దేవుళ్ళకు మొక్కుకునే ఊరే. తమ నమ్మకంలో ఒక ముక్క చూపించి, ఇది మాకు అక్కర్లేదని నలుగురిలో చెప్పారు. శాస్త్రంలో ఉందా లేదా అని ముందు వెతుక్కోలేదు.

దీని తర్వాత నా అభిప్రాయాన్ని కొంత సవరించుకున్నాను. మామూలు భక్తురాలు తన భక్తి వల్ల ఉన్మాదికి తోడుపడటం లేదు. తన మౌనం వల్ల తోడుపడుతోంది. ఆ మౌనాన్ని నేర్పేది మాత్రం భక్తే. కళ్ళు పోతాయని. అందుకని, దేవుణ్ణి వదిలేస్తే గానీ నువ్వు మాతో నడవడానికి పనికిరావని మా వదినతో అనను. కాని "నీ దేవుడి పేరు మీద జరిగిన పనికి నువ్వే నోరు విప్పాలి, నేను విప్పితే చెల్లదు" అని తప్పకుండా అంటాను. నేను మాట్లాడితే, దానికెలాగూ దేవుడు లేడు అని తీసిపారేస్తారు. ఆమె మాట్లాడితే వాళ్ళకు చాటు మిగలదు.

మా నాస్తికుల సంగతి కూడా ఒకమాట. వేదిక మీద దేవుణ్ణి ఏకిపారేసి, ఇంటికొచ్చి భార్య చేసిన వరలక్ష్మీ వ్రతం పూర్ణాలు తిని, "అవన్నీ ఆడవాళ్ళ వ్యవహారాలండీ" అనే మగ నాస్తికులు మన జిల్లాల్లో తక్కువేం కాదు. వాళ్ళది కూడా మెత్తని మతమే, పూర్ణం రూపంలో. సరస్వతీ గోరా గారు గర్భవతిగా ఉండి గ్రహణం చూశారు. ఆ తరంలో నాస్తికత్వం ఆడదాని ఒంటి మీద, ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది. తర్వాత్తర్వాత మైకుల దగ్గరికి చేరి అక్కడే ఉండిపోయింది.

మా సంఘంలో మొన్న వేసవిలో రిజిస్టరులో ఒక తీర్మానం రాశాం. సభ్యురాలి ఇంట్లోగానీ, తెలిసినవాళ్ళ ఇంట్లోగానీ గాజులు పగలగొట్టే తంతుకు సంఘం తరఫున ఎవరూ కూర్చోకూడదని, ఆ స్త్రీ వద్దంటే ఆపించాలని. ఇరవై ఇద్దరిలో పధ్నాలుగు మంది సంతకాలు పెట్టారు. నలుగురు ఇంట్లో అడిగి చెబుతామన్నారు. ఇద్దరు ఆ తర్వాత సమావేశాలకు రావడం మానేశారు. తీర్మానం పెట్టినందుకు నాకు బాధ లేదు గాని, వాళ్ళిద్దరూ పొదుపు డబ్బు కూడా వెనక్కి తీసుకోవడం బాధగానే ఉంది. మా వదినా, ఇంకొకావిడా సంతకం పెట్టలేదు, కాదనీ అనలేదు. "ఆలోచించుకోనీ" అంది వదిన.

శ్రావణంలో ఆమె ఇంట్లో పేరంటానికి నన్నెప్పుడూ పిలుస్తుంది, దేవుణ్ణి నమ్మకపోయినా. ఈసారి వెళ్ళేసరికి చాపమీద ఆ ఇరవయ్యారేళ్ళ పిల్ల కూడా కూర్చుని ఉంది. కొంగు మణికట్టు దాకా లాక్కుని, గుమ్మం వైపు చూస్తూ. వచ్చిన ముత్తయిదువల్లో ఒకరిద్దరు చూసి, పని ఉందని తాంబూలం తీసుకోకుండానే లేచారు. వదిన ఏమీ అనలేదు. వరసన అందరి కాళ్ళకూ పసుపు రాసుకుంటూ వచ్చింది. ఆ పిల్ల కాళ్ళకూ రాసింది. శనగలిచ్చింది, పూలిచ్చింది, జాకెట్టు ముక్క ఇచ్చింది. కుంకుమ భరిణె చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని పళ్ళెంలో పెట్టేసి నా దగ్గరికి వచ్చింది. నాకు పెట్టబోతే నేను నుదురు పక్కకి తిప్పుకున్నాను. ఆమె నన్నూ, ఆ పిల్లనూ మార్చి మార్చి చూసింది. భరిణె మూత పెట్టకుండానే లోపలికి వెళ్ళి, మా ఇద్దరికీ కాఫీ తెచ్చింది.